నిరీక్షణపురమున ఆలయసంకల్పము

గ్రీష్మతాపమున బీటలు వాఱిన ధరణిని ఓదార్పవచ్చిన చుట్టమువలె నైరృతి దిక్కున తొలకరి మేఘమాల తలయెత్తి చూచుచుండెను. లవణశీకరభారమున మందగమనమైన సముద్రవాయువు సరుగుడు తోపుల సూదియాకులలో దూరి సన్నని రోదనధ్వని పుట్టించుచుండెను. అస్తాచలోన్ముఖుడైన భాస్కరుని కుంకుమారుణ కిరణజాలము సాగరపాడు పట్టణపు మేడలకును గుడిసెలకును రేవున నిలిపిన పడవలకును భేదమెంచక ఒక్కటే వన్నె పూయుచుండగా అంగడివీధిలో ఒక మందుల దుకాణముపై అద్దెకు గొన్న గదిలో సమకూడిన స్త్రీపురుషులు కన్నుల నీరు తుడుచుకొనుచు ఒకరినొకరు కౌగిలించుకొనుచుండిరి. అవి శోకాశ్రువులు గావు. ఏండ్ల తరబడి ఎదురుచూచిన శుభవార్త ఆ ఆదివారపు సాయంకాలమున వారి చెవిని బడెను.

వారు మోర్మను సంఘమువారు. సముద్రముల కావల అమెరికా ఖండమున పుట్టిన ఆ క్రైస్తవశాఖ సాగరపాడున వేరూనినది ఇటీవలనే. ఆదివారపు ప్రార్థనలకు వారికి ఏ గదియైనను చాలును గాని ఆలయమన్నది వారి మతమున వేఱు. ఆలయమున దంపతులకును వారి బిడ్డలకును జరుగు బంధనకర్మము మరణముతో సయితము తెగిపోదని వారి విశ్వాసము. గతించిన పూర్వులను పేరుపేరున తలచి వారి పక్షమున బ్రతికియున్నవారు సంస్కారములు జరుపుటయు ఆ మందిరమునందే. ఆ కాలమున అట్టి ఆలయము ఈ దేశమున ఒక్కటియు లేదు. కావలయునన్నవారు విమానమెక్కి పరదేశమునకు పోవలసినదే. వలలల్లుకొని బ్రతుకువారికిని బడిపంతుళ్లకును అది కలలోని మాట. అట్టివారి పట్టణమునకే ఇప్పుడు ఆలయము రాబోవుచున్నదని సంఘాధ్యక్షుడైన దైవసహాయము ప్రకటించెను.

దైవసహాయము విద్యుచ్ఛాఖలో ఇంజనీరు. మితభాషి. నియమనిష్ఠాపరుడు. అతని భార్య కృపావతి బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలు. వారి ఏకైక సంతానమైన సుహాసిని పలుకులు ముద్దుగట్టు ప్రాయమున మెదడువాపు జ్వరమున కన్నుమూసెను. నాటినుండి ఆ దంపతులకు ఆలయమనగా పాలరాతి గోడలు గావు. విడిచిన చిన్నారి చేతిని మరల పట్టుకొను చోటు. కనుకనే ఆ వార్త విన్నంతనే కృపావతి నోట కొంగు క్రుక్కుకొని వెక్కివెక్కి యేడ్చెను.

"స్థలము కూడ కుదిరినది. ఏటిముఖమునకు దక్షిణమున సముద్రమునకు ఎదురుగా గవ్వలదిబ్బ యను ఇసుకమెట్ట యున్నదిగదా. అది బంజరు. స్థలవ్యాపారియైన పుల్లేటి నాగభూషణముగారు తమ పేర నున్న ఆ భూమిని మనకు విక్రయింప నంగీకరించినారు" అని దైవసహాయము చెప్పుకొనిపోవుచుండెను.

గవ్వలదిబ్బ యను మాట చెవిని బడగానే కృపావతి యేడుపు ఆగిపోయెను. పక్కనున్న స్త్రీలు అది సంతోషాతిరేకమని తలచిరి.

ఆమె యేల నివ్వెఱపోయెనో చెప్పవలెనన్న గవ్వలదిబ్బను ఆనుకొనియున్న ఒక పల్లెనుగూర్చి చెప్పవలెను. దాని పేరు నిరీక్షణపురము. పేరు మాత్రము చల్లనిది. కుష్ఠురోగము సోకినదన్న నేరమునకు ఇండ్లనుండి వీధులనుండి బావులనుండి తఱుమబడిన జనము పూర్వమొక మిషనరీ వైద్యురాలి దయవలన అచ్చట చేరి పాకలు వేసికొనిరి. వ్రేళ్లు కరగిన చేతులతో చాపలల్లిరి. మొద్దుబాఱిన పాదములతో కూరపాదులకు నీరు మోసిరి. పట్టణపు శ్మశానమున వారి శవములకు చోటీయనందున గవ్వలదిబ్బ యిసుకలోనే తమవారిని పూడ్చుకొని సరుగుడు కఱ్ఱతో శిలువలు చేసి తలవైపున నాటుకొనిరి. ఆ శిలువలపై పేర్లు లేవు. వ్రాయగలవారు కొందఱే. ఆ కొందఱకు కలము పట్టుటకు వ్రేళ్లు లేవు.

కృపావతి ఆ పల్లెలో పుట్టినది. తండ్రిని ఆమె ఎఱుగదు. తల్లి సంతోషమ్మ బిడ్డకు రోగము సోకలేదని వైద్యురాలు చెప్పిననాడే దానిని దూరపు వసతిగృహమునకు పంపి "ఈ ఊరిపేరు నీ నోట రానీయకుము. అనాథనని చెప్పుము. అనాథను జనము జాలితో చూతురు. మా బిడ్డను చూడరు" అని చెప్పి గుండె ఱాయి చేసికొనెను. తల్లి మరణించిననాడు కృపావతి తలపై ముసుగు కప్పుకొని వచ్చి తన చేతులతోనే శిలువ నాటి పోయెను. పెండ్లియైన పిమ్మట సయితము ఏటికొక్కమాఱు ఏదో నెపమున వచ్చి ఆ దిబ్బపై కూర్చుండి పోవుచుండెను. భర్తకు ఈ సంగతి తెలియదు. చెప్పవలెనని అనేక పర్యాయములు నోటివఱకు వచ్చిన మాటను తల్లి యాజ్ఞయే మింగించుచుండెను.

మఱునాడు పాఠశాల విడువగానే కృపావతి ఆటో యెక్కి గవ్వలదిబ్బకు పోయెను. పోయి చూచినది నమ్మలేకపోయెను. పసుపుపచ్చని పొక్లెయిను యంత్రమొకటి ఏనుగు తొండమువంటి తన చేతిని ఆడించుచు దిబ్బ ఉత్తరార్ధమును చదును చేసి అలసినట్లు నిలిచియుండెను. మిట్టలులేవు. శిలువలులేవు. సమతలమైన ఇసుక మాత్రము చాపవలె పఱచుకొనియుండెను. ఒక మూలను రేకుల కప్పు క్రింద కూలీలకు తేనీరు కాగుచుండెను. ఆ పొయ్యిలో అడ్డకఱ్ఱతో సహా ఒక సరుగుడు శిలువ సగము కాలి పొగలు గ్రక్కుచుండెను. దానిప్రక్కన మఱికొన్ని మోపుగా కట్టియుండెను.

నిరీక్షణపురపు పెద్దరాలైన ఎలీసమ్మ మొండిచేతులు ఒడిలో పెట్టుకొని ఆ పొయ్యి యెదుటనే కూర్చుండియుండెను. కృపావతిని చూచి లేవలేదు.

"వచ్చితివా తల్లీ. మేము అడ్డుపడితిమి. కాళ్లపై పడితిమి. మమ్ము తాకుటకు జంకి వెదురుకఱ్ఱలతో దూరముగా నెట్టిరి. మీ యమ్మ మొదటివరుసలోనే యుండెను. ఇప్పుడు ఏ చోటనో నేనును చెప్పలేను" అని ఆ వృద్ధురాలు కన్నీరు లేని గొంతుతో పలికెను.

చదువరీ, మనుష్యుడు మనుష్యునికి చేయు ద్రోహములు పెక్కు గలవు. బ్రతికియున్నంతకాలము ఊరికి వెలుపల నుంచిన జనమును చచ్చిన పిమ్మట భూమికి సయితము వెలుపల నుంచదలచిన క్రౌర్యమునకు ఏ భాషలో ఏ పేరున్నదో ఈ కథకునికి తెలియదు. ఆ క్రౌర్యము కత్తి పట్టుకొని రాలేదు. ఇస్త్రీ చొక్కా తొడిగికొని కారు దిగి వచ్చెను. అతడే నాగభూషణము.

కృపావతి అతనికి ఎదురేగి "అయ్యా, ఇచ్చట సమాధులున్నవి. ఈ మాట మీ రెఱుగరా" అని యడిగెను.

అతడు చిఱునవ్వు నవ్వెను. "పంతులమ్మా, మీరు అధ్యక్షులవారి యిల్లాలుగదా. ఇక్కడ సమాధులు లేవని అధికారులే తేల్చినారు. ఉన్నవని యనుకొన్నను అవి ఎవరివి. అడుగువారు లేని జనము. వారిపై దేవుని మందిరము లేచుట వారికి మాత్రము పుణ్యము కాదా" అనెను.

"మీ తండ్రిగారి సమాధిపై ఎవరైన మందిరము కట్టుదుమన్న ఒప్పుకొందురా."

"మా తండ్రిగారు పెద్దమనిషి" అని నాగభూషణము ఎట్టి సంకోచమును లేక బదులు చెప్పి కారెక్కెను.

ఆ మాటయే కృపావతి హృదయమున నిప్పుకణికవలె నిలిచిపోయెను. ఆ మనుష్యునికి ఊరిచుట్టును భూములున్నవి. రహదారి ప్రక్కన మెరకనేల లున్నవి. వానినన్నిటిని విడిచి దిక్కులేనివారిని నెట్టి చేజిక్కించుకొన్న ఈ దిబ్బనే దూరదేశస్థులకు అంటగట్టుటకు అతడు పన్నిన పన్నుగడను సంఘమువారు ఎఱుగరు. సముద్రము దాటి వచ్చువారు అసలే యెఱుగరు.

ఇంటికి వచ్చునప్పటికి దైవసహాయము మేజాపై పటమును పఱచుకొని కూర్చుండియుండెను. అతని ముఖమున బిడ్డపోయిన నాటినుండి కానరాని కాంతి కానవచ్చెను.

"చూచితివా కృపా. సముద్రమువైపు ద్వారము. ఇక్కడ తోట. మన సుహాసిని మనది కాబోవుచున్నది. ఎన్నటికిని మనది" అనెను.

"ఏమండీ, ఆ నేలలో మనుష్యులను పూడ్చియున్నారట."

"నేనును విచారించితిని. అధికారులు కాదనినారు. నాగభూషణముగారు ప్రమాణము చేసినారు. మంచికార్యమునకు వదంతులు సహజము" అని అతడు మృదువుగా చెప్పి మరల పటముపైకి వంగెను.

ఆమె అతని వెనుక నిలుచుండెను. ఒకవైపున కన్నతల్లి. ఒకవైపున కన్నబిడ్డ. తాను నోరు విప్పినచో బిడ్డను కలిపికొను మందిరము చేజాఱును. అనాథయని చేపట్టిన భర్త కుష్ఠురోగుల కూతురని తెలిసికొని యేమనునో తెలియదు. నోరు విప్పనిచో తల్లి యెముకలపై నిలుచుండి బిడ్డకొఱకు ప్రార్థింపవలెను. అట్టి ప్రార్థన తన నోట ఎట్లు వెడలునని ఆమె తన్ను తానే ప్రశ్నించుకొనెను.

కొన్నిదినములకు అమెరికానుండి స్థలపరిశీలనార్థమై వార్డెల్ అను వృద్ధుడు సపరివారముగా వచ్చెను. గవ్వలదిబ్బపై చలువపందిరి వేసిరి. సన్నాయి పెట్టిరి. నాగభూషణము స్వయముగా పూలదండ వేసి శాలువ కప్పి వృద్ధుని చేయిపట్టి వేదికపై కూర్చుండబెట్టెను. సంఘమువారు తెల్లని బట్టలు కట్టుకొని వరుసలు తీరి కూర్చుండిరి. దిబ్బకు దక్షిణమున త్రాడు కట్టి ఆ త్రాటికి ఆవల నిరీక్షణపురమువారిని నిలిపివేసిరి. "అంటువ్యాధి గలవారు. అతిథులకు ఇబ్బంది" అని నాగభూషణము మనుష్యులు వచ్చినవారికెల్ల చెప్పుచుండిరి. చికిత్సచే ఏనాడో మానిపోయిన రోగమది. మానని రోగము త్రాటికి ఈవలనే యుండెను.

వార్డెల్ ఆంగ్లమున మాటలాడుచుండగా దైవసహాయము ప్రక్కన నిలిచి తెనుగున చెప్పుచుండెను. వృద్ధుడు ఆలయమహిమను వివరించి తుదకు సభవైపు చూచి ఎవరైన ఏమైన చెప్పదలచినారా యని యడిగెను. అది మర్యాదకొఱకు అడిగిన మాట. ఎవరును లేవరని అందఱు అనుకొనిరి.

కృపావతి లేచెను.

"అయ్యా, నేను ఈ సంఘపు స్త్రీని. ఈ ఆలయముకొఱకు ఇక్కడివారందఱికంటె ఎక్కువగా ఏడ్చినదానను. అయినను ఇది ఇచ్చట కట్టరాదు. ఈ యిసుకలో సమాధులున్నవి. వానిపై నున్న శిలువలను పెఱికి తేనీరు కాచుకొనినారు. నేను కన్నులార చూచితిని. నేను అనాథనుగాను. అదిగో ఆ త్రాటికి ఆవల నున్నవారి బిడ్డను. కుష్ఠురోగుల కూతురను. నా తల్లి ఈ పందిరి క్రిందనో ఆ వేదిక క్రిందనో ఉన్నది. ఎక్కడ నున్నదో నాకును తెలియకుండ చేసినారు."

వార్డెల్ ఆమె చెప్పినది యేమో తెలియక దైవసహాయమువైపు తిరిగెను. నాగభూషణము వెనుకనుండి వంగి దైవసహాయము చెవిలో "బిడ్డపోయిన దుఃఖమున మతి చెడినదని చెప్పుడు. అంతటితో పోవును. మీ ఆలయము మీకు దక్కును" అని గుసగుసలాడెను.

దైవసహాయము భార్యను చూచెను. ఇన్నేండ్లు ప్రక్కన నడచిన స్త్రీని అప్పుడే తొలిసారి చూచినట్లు చూచెను. ఆమె తల వంచలేదు. బ్రతిమాలలేదు. చెప్పవలసినది చెప్పి నిలుచుండెను. పిమ్మట అతడు వృద్ధునివైపు తిరిగి ఆంగ్లమున మాటలాడ నారంభించెను. ఒకరి పలుకును మఱియొకరికి చెప్పువాడు వారు 'నేను' అన్నచోట తానును 'నేను' అనియే పలుకవలెను. కనుక అతని నోటనే ఆ మాటలు వెడలెను. "నేను కుష్ఠురోగుల బిడ్డను. నా తల్లి ఈ యిసుకలో ఉన్నది." ఒక్క మాటను విడువలేదు. ఒక్క మాటను మెత్తబఱుపలేదు. తుదకు తన మాటగా "ఈమె నా భార్య. ఈమె యబద్ధమాడదు" అని చేర్చెను.

వార్డెల్ మెల్లగా వేదిక దిగెను. నాగభూషణము అడ్డము వచ్చి అవి పశువుల యెముకలనియు గిట్టనివారి కల్పనలనియు చెప్పుచుండగా అతనిని వినిపించుకొనక త్రాటివద్దకు పోయి ఆ త్రాటిని తన చేతులతో విప్పెను. ఎలీసమ్మ మొండిచేతితో అతనిని చదును చేసిన నేల అంచునకు తోడుకొనిపోయెను. అచ్చట యంత్రము మట్టి నెట్టిన గట్టున తొలివాన యిసుకను కడిగివేయగా ఒక పుఱ్ఱె కనుగుంటలు ఆకాశమువైపు తెఱచికొని యుండెను. వృద్ధుడు మోకాళ్లూని తన భుజముపై నున్న శాలువతో దానిని కప్పెను. లేచి చెప్పిన మాటలను దైవసహాయము అందఱకు వినబడునట్లు తెనుగున చెప్పెను.

"మేము కట్టదలచినది మృతులను పేరుపెట్టి పిలుచు ఇల్లు. మృతులపై నిలుచు ఇల్లు గాదు. ఈ భూమి మాకు వలదు."

ఆ దినమే వారు తిరిగిపోయిరి. కొన్ని నెలలకు ఆలయనిర్మాణము వేఱొక రాష్ట్రమునకు నిర్ణయింపబడినట్లు వర్తమానము వచ్చెను.

ఇంతటితో న్యాయము జయించినదని చెప్పి కథ ముగించుటకు ఈ కథకునికిని ఇష్టమే. కాని జరిగినది అది గాదు. సంఘములో కొందఱు కృపావతిని పలుకరించుట మానిరి. ఆమె కూర్చున్న బల్లపై చోటు మిగిలిపోవుచుండెను. ఫిలిప్పు అను ముసలి పడవవాడు ఒక ఆదివారము ఆమె యెదుట నిలిచి "అమ్మా, నీ తల్లికి న్యాయము జరిగినది. కాదనను. చనిపోయిన నా భార్యతో నన్ను కలుపు చోటు మాత్రము మరల దూరమైనది. ఆ దూరము నేను పోలేను" అని నిందలేని స్వరముతో చెప్పి వెడలిపోయెను. ఆ ముసలివాని యాశను తుంచినది ఆమె కాదు. తుంచినవానిని అడిగినవారు లేరు.

అధికారులు విచారణ జరిపిరి. సమాధులను చెఱచిన నేరమునకు యంత్రమును నడిపిన దినకూలివానిని పట్టుకొనిపోయిరి. భూమి నమ్మజూపినవాడు సాక్షిగా పిలువబడెను. సమాధులు లేవని తేల్చిన అధికారి బదిలీపై ఇంతకంటె పెద్దయూరికి పోయెను.

ఆ సభ ముగిసిన సాయంకాలమున దంపతులు ఇల్లు చేరిరి. దీపము వెలిగించు వేళకు దైవసహాయము అడిగెను. "నా యొద్ద ఏల దాచితివి."

"మా యమ్మ దాచుమన్నది. మీ ముఖము చూచి చెప్పబోవుచుంటిని. మీరు నన్ను తాకిన చేతిని వెనుకకు తీసికొందురేమో యని భయపడితిని."

దైవసహాయము ఆమె చేతిని తన రెండుచేతులలోనికి తీసికొని వ్రేళ్లను ఒక్కొక్కటిగా నిమురుచు కూర్చుండెను. పిదప "అత్తగారు చాపలల్లుచుండెడివారా" అని యడిగెను. పెండ్లియైన యిన్నేండ్లకు అత్తగారను మాట ఆ యింట వినబడుట అదియే ప్రథమము. కృపావతి తల్లినిగూర్చి చెప్ప నారంభించెను.

మఱుసటి యేడు పురపాలకసంఘమువారు గవ్వలదిబ్బకు ప్రహరీగోడ కట్టించిరి. ప్రారంభోత్సవమునకు ముఖ్యాతిథి యెవరని చదువరి ఊహింపవలదు. అతడే. ద్వారమువద్ద నల్లరాతి ఫలకముపై "పుల్లేటి నాగభూషణముగారు శ్మశానసంరక్షణకు చేసిన సేవకు గుఱుతుగా" అని బంగారువన్నె అక్షరములతో చెక్కించిరి. లోపల నిద్రించువారిలో ఒక్కరి పేరును ఆ ఫలకముపై లేదు. కృపావతి ఆ యుత్సవమునకు పోలేదు. "నా తల్లిని చదును చేసిన చేయి రిబ్బను కత్తిరించుచుండగా నేను చప్పట్లు కొట్టజాలను" అని ఆహ్వానము తెచ్చినవారితో ఎలుగెత్తకయే చెప్పి పంపెను.

కార్తీకపు తుపానుకు ఆ గోడ కూలెను. సిమెంటుకంటె ఇసుక యెక్కువైన గోడ. ఇసుక తన చోటికి తాను పోయెను. ఫలకము మాత్రము పగులక నేలపై వెల్లకిల పడియుండెను. ఎలీసమ్మ దానిని చూచి పడుచువారిని పిలిచి చేతిపంపు వద్దకు మోయించెను. దిబ్బపైకి పోవువారు బురదకాళ్లతో పోరాదు గనుక కాళ్లు కడుగుకొనుటకు అచ్చట ఒక చదునైన రాయి కావలసియుండెను.

ఇప్పుడు కృపావతియు దైవసహాయమును నెలకొకసారి అచ్చటికి వత్తురు. ఎవరి సమాధి యెక్కడనో తెలియదు గనుక ఒక్క చోట నిలువక దిబ్బ యంతటను మెల్లగా నడతురు. దిబ్బ యెక్కుటకు ముందు దైవసహాయము పంపు కొట్టుచుండగా ఆమె ఆ రాతిపై నిలిచి పాదములు కడుగుకొనును. పిదప ఆమె పంపు కొట్టును. నిరీక్షణపురపు జనము చాపలు మోయుచు కట్టెలు మోయుచు వచ్చి వ్రేళ్లు లేని తమ పాదములను దానిపై రుద్ది కడుగుకొందురు. శిల్పి లోతుగా చెక్కినందున ఆ పేరు ఇంకను చెరగలేదు. కడుగుకొనువారికి తొందర లేదు.